మెండు

గుణుపురం కోర్టు గోడ నీడ
మధ్యాహ్నం రెండింటికి గానీ నా బల్ల మీదికి రాదు.
అంతదాకా గొడుగే.
ఇంగ్లీషు మిషను ఒకటి, ఒడియా ఫారాల కట్ట ఒకటి,
తెలుగు మాత్రం నోట్లోనే,
దానికి మిషనూ లేదు, స్టాంపూ లేదు.

బిడ్డిక సుక్కమ్మ నీడ రాకముందే వచ్చింది.
కొంగుముడి విప్పి కాగితం తీసింది, నాలుగు మడతలు,
మడతల్లో ఇంకా ఏటి ఇసుక.
"ఏటి రాసినారో సూడు పాత్రోబాబూ,
సదివినోళ్లు సదివి తిరిగిచ్చీసినారు,
ఏటీ సెప్పరు."

వంశధార పొంగిన ఏడు
ఆమె చోడిచేను పోయింది, ఎనభై సెంట్లు.
చేను ఏటికి ఇవతల అని అర్జీలో ఉంది.
ఆర్‌ఐ వచ్చి చూశాడు, ఇవతల చేను లేదు,
గొలుసు వేసి కొలవడానికి కూడా ఏమీ లేదు.
అసలు చేను ఎక్కడికీ కదల్లేదు.
ఏరే ఒక రాత్రి పక్క మార్చి పడుకుంది.
మాట తప్పింది ఏరు,
కాగితంలో ఏటి పేరు లేదు.
సుక్కమ్మ పేరుంది,
పేరు పక్కన ఒక ఇంగ్లీషు మాట:
మెండేషియస్.

ముప్పై ఏళ్లుగా ఎరుగుదును ఆ మాటని.
లయ్యర్ అంటే బజారు మాట, అరిచినట్టుంటుంది,
అరిచినవాడికీ తిరిగి తగులుతుంది.
ఫాల్స్ అంటే ఒక్క ముక్కకే అంటుకుంటుంది,
ఇవాళ తప్పు చెప్పావు అని, రేపటికి వదిలేస్తుంది.
ఇది ఇస్త్రీ బట్టలేసుకొచ్చిన మాట.
అబద్ధాన్ని వదిలి మనిషిని పట్టుకుంటుంది,
నీ తీరే అంత, నీ నెత్తురే అంత అంటుంది,
గొంతు పెంచకుండా.

దీన్ని తెలుగులోకి ఎలా దించను?
కల్లలాడి, మరీ పాతబడింది, నవ్వొస్తుంది.
దబ్బర, పిల్లల ఆట.
బొంకులో ఎంతో కొంత తీపి ఉంది.
మిఛొ అని ఒడియాలో అంటే
సంతలో పూటకి పదిసార్లు వినేదే, ఎవరికీ గుచ్చుకోదు.
పోనీ అబద్ధం.
బద్ధం కానిది, కట్టుకి నిలవనిది అనేగా.
మరి కట్టుకథ అంటామే,
దాన్ని ఎవరు కట్టారు, ఏ తాడుతో?
ఆ లెక్కన
గట్టు తెంచుకున్న ఏరొక్కటే
మా తహసీలు మొత్తానికి అసలైన అబద్ధం.

సుక్కమ్మ నా నోరే చూస్తోంది.
"మెండు అని రాశారమ్మా" అన్నాను.
"అన్నీ మెండుగా ఉన్న మనిషివని."
అనేసి, మిషను మీది గుడ్డ సర్దాను,
అది సరిగ్గానే ఉన్నా.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
గేటు దగ్గర ఎవరో బంట్రోతు ఎవరి పేరో మూడుసార్లు పిలిచాడు.
"ఓహో" అంది తర్వాత.
"మెండున్నదానికి డబ్బులెందుకని కొట్టీసినారన్నమాట."

అంతేనమ్మా అనడానికి నోరు రాలేదు.
నేను ఆడిన ఒక్క మెత్తని మాటతో
ఆ కాగితానికి న్యాయం వచ్చి కూర్చుంది.

"తప్పు రాసినారు బాబూ.
నాకేటుంది మెండు? ఇసకా?
నాను అది కాదని మళ్లీ రాయి.
ఆలు ఏ మాట రాసినారో ఆ మాటే ఎట్టి,
కాదని రాయి."

రాశాను.
సుక్కమ్మ చెప్పింది చెప్పినట్టు,
ఆమె భాషలోనూ నిజమే, వాళ్ల భాషలోనూ నిజమే.
నాట్ అన్న చోట రిబ్బను అరిగి సన్నగా పడింది.
మీట వెనక్కి నొక్కి, దాని మీదే ఇంకోసారి కొట్టాను.

వేలిముద్ర వేసి, బొటనవేలు చీరకి తుడుచుకుని,
"డబ్బుల్నేవు బాబూ, సంతనాడిస్తాను" అంది.
కాగితం కొంగులో పెట్టి ముడేసుకుంటుంటే
ముడిలో చిల్లర గలగలమంది.
ఇద్దరం గేటు వైపు చూశాం.

ఆమె వెళ్లాక లెక్కల పుస్తకం తీసి
బిడ్డిక సుక్కమ్మ, అప్పీలు ఒకటి,
ముప్పై రూపాయలు,
ముట్టింది అని రాసుకున్నాను.